డ్రమ్‌హారా కాగితాలు

నిరుడు ఆఫీసు పని మీద ఫీనిక్స్ వెళ్ళాను. మూడో రోజు మధ్యాహ్నం జరగాల్సిన మీటింగు వాయిదా పడింది. విమానానికి ఇంకా అయిదు గంటల టైముంది. అద్దె కారులో ఊరికే అటూ ఇటూ తిరిగొద్దామని బయల్దేరినదాన్ని, పెద్దగా ఆలోచించకుండానే చాండ్లర్‌లో ఆ పాత వీధిలోకి మళ్ళాను. ఇల్లు అలాగే ఉంది. ఒంటి అంతస్తు, పొడుగ్గా, ఇటుక రంగు. ముందున్న పచ్చిక మాత్రం లేదు, గులకరాళ్ళు పరిచి నాలుగు కాక్టస్ మొక్కలు పెట్టారు. గ్రేప్‌ఫ్రూట్ చెట్లు ఆరూ కొట్టేశారు. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టి ఉంది. నేను దిగి నిలబడి చూస్తుంటే లోపల్నుంచి ఒకమ్మాయి వచ్చి, నా మొహం చూసి నేరుగా తెలుగులోనే, "ఎవరు కావాలండీ?" అంది. ఒకప్పుడు ఈ ఇంట్లో అద్దెకుండేదాన్నని చెప్పాను. "అవునా? మేం కొని త్రీ ఇయర్స్ అయిందండీ. మా వారు కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కంపెనీలో చేస్తారు. బాగా ముందు ఎవరో ఐరిష్ లేడీ ఉండేదట కదా, పక్కింటాయన చెప్పాడు. లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంది. లోపలికి వెళ్ళాలనిపించలేదు. మరోసారి వస్తానని చెప్పి కారెక్కాను.

ఆ ఐరిష్ లేడీ పేరు ఎలనార్. అందరూ నోరా అనేవాళ్ళు. నేను ఆవిడ ఇంట్లో పదిహేను నెలలు ఉన్నాను. డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలిన మరుసటి ఏడాది అది. మాస్టర్స్ చేయడానికి వచ్చిన మాకు సీనియర్లు ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ దారిలోనే చెప్పేశారు, ఉద్యోగాల సంగతి రెండేళ్ళు మర్చిపొమ్మని. అపార్ట్‌మెంటులో ఆరుగురం ఉండేవాళ్ళం. హాల్లో నా పరుపు పక్కనే ఫ్రిజ్. చదువు సాగేది కాదు. యూనివర్సిటీ లైబ్రరీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం ఒకటి కనిపించింది, కొక్కేల్లా వంగిన పాతకాలపు అక్షరాలతో. గది అద్దెకు, నిశ్శబ్దంగా ఉండేవాళ్ళకు మాత్రమే. అద్దె మరీ తక్కువ. బస్సులో ముప్పావు గంట ప్రయాణం. వెళ్ళి బెల్ కొడితే సన్నగా, నిటారుగా ఉన్న, ఎనభై దగ్గరపడ్డ మనిషి తలుపు తీసి, ముందు నా చెప్పుల వంక చూసి, తర్వాత నా మొహం చూసి, "పియానో వాయిస్తావా?" అని అడిగింది. లేదన్నాను. "మంచిది" అని లోపలికి రానిచ్చింది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఆవిడ మాటలు తెలుగులోనే గుర్తొస్తాయి, అందుకని అలాగే రాస్తున్నాను.

నోరా పుట్టిందీ పెరిగిందీ ఐర్లండ్‌లో, డ్రమ్‌హారా అనే ఎస్టేటులో. హార్ట్‌వెల్ అనే ఇంటిపేరుగల వాళ్ళ కుటుంబం ఇంగ్లండ్ నుంచి వెళ్ళి రెండు వందల యాభై ఏళ్ళు అక్కడ దొరలుగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడికి వచ్చిన ఒక అమెరికన్ వైమానికుణ్ణి ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేకుండా పెళ్ళాడి, ఆయన వెంట ఇక్కడికి వచ్చింది. ఆయన ఊపిరితిత్తులకు పొడి గాలి మంచిదని డాక్టర్లు చెబితే అరిజోనాలో స్థిరపడ్డారు. పిల్లల్లేరు. ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్ళు. డ్రమ్‌హారా ఇంటిని వాళ్ళ అన్నయ్య అమ్మేశాడు. కొన్నవాళ్ళు, ఇంటికి కప్పు ఉంటే పన్ను కట్టాలని, కప్పు పీకించేశారట. "నలభై ఎనిమిది కిటికీలు" అనేది నోరా. "కప్పు లేకపోతే కిటికీలోంచి లోపలికి చూసినా ఆకాశమే, బయటికి చూసినా ఆకాశమే." ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పేది.

ఇంట్లో రోజు ఎప్పుడూ ఒకేలా నడిచేది. పొద్దున్నే ఉప్పు వేసిన ఓట్స్ జావ. పంచదార వేసుకోవడం అమెరికన్ల అలవాటని ఆవిడ ఉద్దేశం. పదింటికి తపాలా. మధ్యాహ్నం ఎండ పెరగ్గానే తెరలన్నీ దించి ఇల్లంతా చీకటి చేసేది. సరిగ్గా నాలుగింటికి టీ. బయట నూట పది డిగ్రీలు మండుతున్నా టీ పొగలు కక్కాల్సిందే, కెటిల్‌కు ఉన్నిదారంతో అల్లిన టోపీ తొడగాల్సిందే. నేను మొదటివారం అల్లం దంచి వేసి మా పద్ధతిలో టీ పెట్టాను. ఒక గుక్క తాగి, "ఇది మందు, టీ కాదు" అంది. అయినా కప్పు ఖాళీ చేసింది. ఆ తర్వాత ఎప్పుడైనా దగ్గు వస్తే, "నీ మందు కొంచెం పెట్టు" అని అడిగేది. నేను చారు పోపు పెట్టినప్పుడు మాత్రం వంటింటి తలుపు మెల్లగా మూసేది, ఏమీ అనకుండా.

ఆ ఇంట్లో వెనక గదిలో ఆరు చెక్కపెట్టెలు ఉండేవి. ఇల్లు అమ్మినప్పుడు అన్నయ్య ఓడలో వేసి పంపిన కాగితాలు. మూత తీస్తే గదంతా వాసన కమ్మేది. బూజు, తోలు, వీటన్నిటి అడుగున ఒక పొగ వాసన. అక్కడ కట్టెలకు బదులు బురదనేల నుంచి కోసి ఎండబెట్టిన మట్టిపెళ్ళలు కాలుస్తారని, అది ఆ పొగేనని నోరా చెప్పింది. మా ఊళ్ళో పిడకల పొగకు దూరపు చుట్టంలా ఉండేది. వందల ఏళ్ళు వానలో నానిన కాగితాలు అరిజోనాకు వచ్చి అప్పడాల్లా ఎండిపోయాయి. ముట్టుకుంటే అంచులు రాలేవి. వచ్చే వసంతంలో ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజుకు అన్నయ్య కొడుకు జాఫ్రీ, మిగతా చుట్టాలు వస్తున్నారు. ఆ లోపల కుటుంబ చరిత్ర ఒక చిన్న పుస్తకంగా రాసి అందరికీ ఇవ్వాలని ఆవిడ కోరిక. వేళ్ళు వంకర్లు పోయి టైపు చేయలేకపోయేది. నా అంతట నేనే చేసిపెడతానన్నాను. ఈ సంగతి నా క్లాస్‌మేట్ స్వరూపకు చెబితే, గుంటూరు పిల్ల, అన్నిటికీ ముందు జాగ్రత్త ఎక్కువ, "చేస్తే చెయ్యిగానీ పద్మా, ఆవిడ దగ్గర డబ్బులు మాత్రం తీసుకోకే. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉండి బయట వర్క్ చేస్తే స్టేటస్ పోద్ది, తర్వాత ఏడ్చినా రాదు" అంది. తీసుకోలేదు. ఆవిడ ఇస్తాననీ అనలేదు.

సాయంత్రాలు ఆవిడ చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. చుట్టూ ఆరడుగుల గోడ కట్టిన పళ్ళతోట, ఆ గోడకు చేతులు చాచినట్టు పెంచిన పేర్ అనే పళ్ళచెట్లు, తలనొప్పి వస్తే చెవుల దగ్గర క్యాబేజీ ఆకులు కట్టుకునే వంటావిడ, భోజనాల గదికి చేరేలోపు ఎప్పుడూ చల్లారిపోయే సూపు. అన్నిటికంటే ఆవిడ ఎక్కువగా చెప్పింది డ్రాయింగ్ రూమ్ పెద్ద కిటికీ గురించి. అక్కడ నిలబడితే పచ్చిక మైదానం జారుకుంటూ సరస్సు దాకా వెళ్ళేదట, మధ్యలో ఒక్క గోడ గానీ పొగగొట్టం గానీ లేకుండా. ఐర్లండ్‌లో అంత ప్రశాంతమైన దృశ్యం ఇంకెక్కడా లేదని వాళ్ళ నానమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేదట. నాకు ఆ కథలు నచ్చేవి. నచ్చుతున్నందుకు కొంచెం ఆశ్చర్యంగా ఉండేది, ఎందుకంటే నేను పుట్టిన ఇంట్లో దొరల కథలు వేరే వైపు నుంచి చెప్పుకునేవాళ్ళు.

మాది కరీంనగర్ వైపు ఒక ఊరు. ఊరి మధ్యలో గడీ, అంటే దొర కోటలాంటి ఇల్లు. మా నాయనమ్మ ఎనిమిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా ఆ గడీ వాకిలి ఊడ్చింది, పెళ్ళయ్యాక మా తాత దొర పొలంలో నీళ్ళు కట్టాడు. కూలీ అనేది లేదు, పిలిస్తే వెళ్ళడమే. తర్వాత రోజులు మారాయి. దొరలు పట్నం వెళ్ళిపోయారు. మా తాతకు రెండెకరాలు దక్కాయి. మా నాన్న చదువుకుని స్కూలు టీచరయ్యాడు. ఇవేవీ నోరాకు తెలియవు. తెలియకపోవడానికి కారణం నేనే.

ఆ వీధిలో అప్పట్లో కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వచ్చేవి. రెండు వారాలకోసారి పెరట్లో ఉన్న ఇనప చక్రం తిప్పితే కాలవ నుంచి నీళ్ళు పొంగి, చుట్టూ ఉన్న మట్టిగట్ల మధ్య పచ్చికంతా మడిలా నిండేది. నేను వచ్చిన నెలలోనే ఒక పొద్దున గట్టు తెగి నీళ్ళు పక్కింటివాళ్ళ వైపు పారసాగాయి. నోరా వరండాలో నిలబడి ఎవరికో ఫోన్ చేయబోతోంది. నేను ప్యాంటు మడిచి, పార తీసుకుని, రెండు పెళ్ళలు తవ్వి మడవ కట్టేశాను. అయిదు నిమిషాల పని. చిన్నప్పుడు సెలవుల్లో తాతతో చేసిందే. ఆవిడ చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు ఇది?" అని అడిగింది. మా ఊళ్ళో అన్నాను. "అంటే మీకు భూములున్నాయన్నమాట." ఉన్నాయన్నాను. రెండెకరాలు ఉన్నమాట నిజమే. "పెద్ద ఇల్లా?" అంది. "ఊళ్ళో పెద్ద ఇల్లుందండీ. రాతి గోడలు, ఏనుగు పట్టేంత గుమ్మం" అన్నాను. అదీ నిజమే. ఎవరిదో చెప్పలేదు. ఆవిడ మొహం మీద ఒక నెమ్మది వచ్చింది, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. ఆ ఆదివారం టీకి వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళకు నన్ను పరిచయం చేస్తూ, "పద్మది ఇండియాలో పాత భూస్వాముల కుటుంబం" అంది. నేను బిస్కెట్ల పళ్ళెం అందించాను. దిద్దడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషం దాటిపోయింది. తర్వాత ప్రతి ఆదివారమూ దిద్దడం ఇంకొంచెం కష్టమైంది.

ఆదివారాలు కాలింగ్ కార్డు మీద ఇంటికి ఫోన్ చేసేదాన్ని. నాయనమ్మ ఫోన్‌ను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని అరిచినట్టు మాట్లాడేది. "ఎవలింట్ల ఉంటున్నవ్ బిడ్డా? ఆ ముసలామె మంచిదేనా?" అని అడిగింది. మంచిదే, పెద్ద దొరల బిడ్డ అని చెప్పాను. "అమెరికాల గూడ దొరసానులున్నరా?" అంది. "నీతోని వాకిలి ఊడ్పిస్తున్నదా?" లేదు, నాకే టీ పోస్తుందని చెబితే నమ్మలేదు. "జర పైలం" అని ఫోన్ నాన్నకు ఇచ్చేసింది.

చలికాలం చివర్లో అయిదో పెట్టె తెరిచాం. అందులో అడుగున గుడ్డ అంటించిన రెండు పటాలు చుట్టి ఉన్నాయి. ఆవిడకు చూపు ఆనక, "నువ్వే చూసి ఏముందో రాసిపెట్టు" అంది. రెండూ డ్రమ్‌హారా ఎస్టేటువే, ఒకే కొలతలో గీసినవి. నేల మీద పరిచి నాలుగు మూలలా పుస్తకాలు బరువు పెట్టాను. మొదటిదాంట్లో పెద్ద ఇంటికీ సరస్సుకూ మధ్య చిన్న చిన్న నల్ల చదరాలు, ఒక్కోదానికి ఒక అంకె, అంచున అంకెలకు ఎదురుగా పేర్లు. ఇరవై ఏడు ఇళ్ళు. ఒక బావి, ఒక దారి. రెండో పటంలో అదే చోట లేత ఆకుపచ్చ రంగు పూసి ఉంది. ఇళ్ళు లేవు, దారి లేదు, అంకెలు లేవు. రెండు పటాలకూ మధ్య పదేళ్ళు కూడా లేవు. ఆ పదేళ్ళలోనే అక్కడ బంగాళదుంపలు కుళ్ళిపోయి పెద్ద కరువు వచ్చిందని నేను టైపు చేసిన పేజీల్లోనే ఉంది, ఒక్క వాక్యంలో. పటాలతోపాటు చుట్టిన ఉత్తరం ఒకటి ఉంది. నోరా ముత్తాతకు తండ్రి, అంటే అప్పటి దొర, చదువుకోసం ఇంగ్లండ్‌లో ఉన్న కొడుక్కి రాసింది. చేతిరాత అంతుపట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. గుర్రం కాలు బాగుపడిందని, అమ్మకు జలుబు చేసిందని రాసి, ఆ తర్వాత, సరస్సు ఒడ్డునున్న జనాన్ని పంపించేసి వాళ్ళ ఇళ్ళ కప్పులు దింపించామని, నువ్వు సెలవులకు వచ్చేసరికి డ్రాయింగ్ రూమ్ నుంచి నీళ్ళదాకా అడ్డం లేకుండా కనబడుతుందని, అమ్మ చాలా సంతోషపడుతోందని రాశాడు.

మూడు రోజులు ఆ ఉత్తరాన్ని నా గదిలోనే ఉంచుకున్నాను. నాకు కోపం వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. ముందుగా వచ్చిన ఆలోచన, ఇది చూపిస్తే గది పోతుందేమో అని. రెండోది, చూపించకపోతే నేను బిస్కెట్లు అందిస్తూ ఊరుకున్నట్టే ఇదీ అవుతుందని. స్వరూపను అడిగితే, "ఎప్పుడో వాళ్ళ తాతల నాటి సంగతి, నీకెందుకే? టైప్ చెయ్యమన్నవి టైప్ చేసి ఇచ్చెయ్. సెమిస్టర్ మధ్యలో రూమ్ ఎక్కడ దొరుకుద్ది?" అంది. తను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాలుగో రోజు టీ వేళకు ఉత్తరం, పటాలు తెచ్చి బల్ల మీద పెట్టాను.

నోరా భూతద్దం పెట్టుకుని ఉత్తరాన్ని చివరిదాకా చదివింది. నేను చదివి వినిపిస్తానంటే వద్దంది. తర్వాత మొదటి పటం మీద వేలు పెట్టి ఒక్కో చదరం మీదుగా సరస్సు దాకా నడిపించింది. "ఈ ఉత్తరం నా దగ్గర యాభై ఏళ్ళుగా ఉంది" అంది. "చేతిరాత అర్థం కావడం లేదని పక్కన పెట్టాను. అంత కష్టమైన చేతిరాత కాదు." నేను ఆగలేక, "మీకు ఒకటి సరిగా చెప్పలేదు. ఊళ్ళో పెద్ద ఇల్లు మాది కాదు. మా నాయనమ్మ ఆ ఇంటి వాకిలి ఊడ్చేది" అన్నాను.

ఆవిడ తలెత్తి, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.

"మీరు సంతోషపడ్డారు. అది చెడగొట్టాలనిపించలేదు."

"నా సంతోషం కోసమా?"

"కాదు" అన్నాను. "నాకూ బాగానే అనిపించింది, ఒక్కసారి అలా అనిపించుకోవడం."

నోరా తల ఊపి, కర్ర తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు టీకి రాలేదు. జావ తను ఒక్కతే తాగి గిన్నె కడిగి బోర్లించేది. నేను యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో తెరలన్నీ దించి ఉండేవి. నేను స్వరూప వాళ్ళ హాల్లో పరుపు వేసుకునే చోటుందేమో కనుక్కుని, ఒక సూటుకేసు సగం సర్దుకున్నాను కూడా. అయిదో రోజు నాలుగింటికి తలుపు తట్టింది. బల్ల మీద రెండు కప్పులున్నాయి.

"మీ నాయనమ్మ ఆ ఇంటివాళ్ళ గురించి ఏమంటుంది?" అని అడిగింది.

ఆలోచించి చెప్పాను. "దొరసాని చేతి మామిడికాయ పచ్చడి లాంటిది మళ్ళీ తినలేదంటుంది. పండగనాడు రావడం ఆలస్యమైందని దొర తనను చెప్పుతో కొట్టాడని చెబుతుంది. రెండూ ఒకే గొంతుతో చెబుతుంది."

నోరా టీ కలిపి చెంచా పక్కన పెట్టింది. "అయితే పుస్తకంలో పేర్ చెట్లూ ఉండాలి, ఇదీ ఉండాలి" అంది. "ఆ ఇరవై ఏడు పేర్లూ పూర్తిగా టైపు చెయ్యి. ఉత్తరం మొత్తం పెట్టు. గుర్రం కాలు సంగతి కూడా తీసెయ్యకు."

పుట్టినరోజుకు పదకొండుమంది వచ్చారు. గ్రేప్‌ఫ్రూట్ చెట్ల కింద బల్లలు వేశాం. పూత మీదున్నాయి చెట్లు, తేనెటీగల రొద. భోజనాలయ్యాక నోరా అచ్చుకు ముందు తీసిన ఒక ప్రతిని పట్టుకుని నిలబడి చదవడం మొదలుపెట్టింది. తోట, వంటావిడ, చల్లారిన సూపు, అందరూ నవ్వారు. ఆ తర్వాత ఉత్తరం చదివింది. నవ్వులు ఆగిపోయాయి. జాఫ్రీ అరవై ఏళ్ళ మనిషి, వర్జీనియాలో లాయరు, అత్తంటే ప్రేమ ఉన్నవాడే. మెల్లగా, "నోరా అత్తా, ఈ రోజు ఇది అవసరమా? అప్పట్లో అందరూ అలాగే చేశారు" అన్నాడు.

"అందరి సంగతి నాకు తెలియదు జాఫ్రీ. వీళ్ళ పేర్లు మాత్రం మన పెట్టెలో ఉన్నాయి" అని, ఆవిడ పేర్లు చదివింది. ఇరవై ఏడు పేర్లు చదవడానికి ఇంత సమయం పడుతుందని నాకు అంతకుముందు తెలియదు. ఒకే పేరు రెండుసార్లు వచ్చింది. ఇద్దరు వేరు వేరు మనుషులు కాబట్టి రెండుసార్లూ చదివింది. చదవడం అయ్యాక కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. నా వైపు చెయ్యి చూపించి, "మీలో కొందరికి పద్మది భూస్వాముల కుటుంబమని రాశాను. నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. వాళ్ళ నాయనమ్మ అలాంటి ఇంట్లో జీతం లేకుండా పనిచేసింది" అంది. అందరూ నా వైపు చూశారు. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు గౌరవం కలగలేదు, కృతజ్ఞతా కలగలేదు. చెవులు వేడెక్కాయి. చీర కట్టుకున్నాను ఆ రోజు, మంచి పట్టుచీర, స్వరూప దగ్గర అడిగి తెచ్చుకున్నది. అది తీసేసి జీన్స్ వేసుకుని రావాలనిపించింది. నిజం చెప్పింది నేనే. అది నా నోట్లోంచి వచ్చిన రోజు ఒకలా ఉంది, పదకొండుమంది ముందు ఇంకొకరి నోట్లోంచి వస్తే మరోలా ఉంది. కేకు కోసేటప్పుడు జాఫ్రీ భార్య ఒక్కతే నా దగ్గరికి వచ్చి నిలబడి, మా నాయనమ్మ పేరేమిటని అడిగింది. లచ్చవ్వ అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి సరిచూసుకుంది.

వెళ్ళేముందు జాఫ్రీ నన్ను పక్కకు పిలిచి, ఫైలు నీ దగ్గరే ఉంది కదా, ఆ భాగం లేకుండా తనకు పది ప్రతులు తీసి పంపగలవా అని మర్యాదగానే అడిగాడు. నోరాను అడగమన్నాను. అడిగాడో లేదో తెలియదు. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళు పేర్ చెట్ల బొమ్మతో వేరే పుస్తకం వేసుకున్నారని, అందులో ఉత్తరం లేదని విన్నాను.

పుట్టినరోజు జరిగిన ఏడాది చివర్లోనే నాకు టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. నోరాను ఆ తర్వాత రెండుసార్లే చూశాను. ఆవిడ పోయినప్పుడు నేను ప్రసవమై ఆసుపత్రిలో ఉన్నాను, వెళ్ళలేకపోయాను. ఆ ఆరు పెట్టెలూ ఆవిడ కోరిక ప్రకారం ఐర్లండ్‌లో ఒక లైబ్రరీకి వెళ్ళాయి. నాయనమ్మ అంతకు ముందే పోయింది. ఇప్పుడు టెక్సస్‌లోనే, కాపెల్ అనే ఊళ్ళో మా ఇంటికి నాలుగు పడకగదులు, ముందు నేనే నీళ్ళు పెట్టక్కర్లేని పచ్చిక. పార్టీల్లో మావాళ్ళు మీదే ఊరు, మీకెంత ఉండేది అని అడుగుతారు. ఒకబ్బాయి ఆ మధ్య ఫోన్‌లో వాళ్ళ తాతల గడీ ఫొటోలు చూపించి, రిసార్ట్ చేస్తున్నామని, ఈసారి ఇండియా వెళ్తే అక్కడే దిగమని చెప్పాడు. మా నాయనమ్మ అలాంటిదాని వాకిలి ఊడ్చేదని అన్నాను. "అలాగా ఆంటీ" అన్నాడు, నొచ్చుకోకుండానే, ఇంకో ఫొటో చూపించాడు. అప్పుడు నేను దాచుకున్న మాట ఇప్పుడు మంచినీళ్ళలా చెప్పేస్తున్నాను. వినేవాళ్ళకు కూడా అది మంచినీళ్ళలాగే ఉంది. ఏ రోజులు నయమో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఒక మాట చెప్పాలంటే నాలుగు రోజుల మౌనం ఖరీదు పెట్టాల్సి వచ్చేది, కానీ చెప్పాక అది ఒక చోట నిలిచి ఉండేది.

పుట్టినరోజు అయిన వారం సంగతి ఒకటి మిగిలింది. ఆ ఆదివారం నాయనమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను. దొరసాని బిడ్డ చుట్టాలందరి ముందు నిలబడి వెళ్ళగొట్టినవాళ్ళ పేర్లు చదివిందని, నీ సంగతీ చెప్పిందని. మెచ్చుకుంటుందనుకున్నాను. నాయనమ్మ అంతా విని, "పేర్లు సదివింది, సరే" అంది. "గని ఇండ్లు కూలగొట్టినంక వాళ్ళు ఎటు పోయిన్రు బిడ్డా? పిల్లజెల్లతోని ఎటు పోయిన్రు? అది రాసిన్రా?"

రాయలేదు. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. మర్నాడు టీ దగ్గర నోరాకు చెప్పాను, మా నాయనమ్మ ఇలా అడుగుతోందని. ఆవిడ కెటిల్ టోపీ సర్దుతూ ఆగిపోయింది. ఆ సాయంత్రం మేమిద్దరం ఆరో పెట్టె కూడా తెరిచి వెతికాం. మర్నాడు మొదటి పెట్టె నుంచి మళ్ళీ చూశాం. గుర్రాల పేర్లున్నాయి, కుక్కల పేర్లున్నాయి, ఏ చెట్టు ఎప్పుడు నాటారో ఉంది. ఆ ఇరవై ఏడు కుటుంబాలు ఏ దారిన వెళ్ళాయో ఒక్క కాగితంలోనూ లేదు. మూడో రోజు ఆవిడ అలసిపోయి కుర్చీలో వెనక్కి వాలి, "చివరి పేజీలో రాయి" అంది. నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆవిడ చెప్పింది, "సరస్సు ఒడ్డున ఉన్న కుటుంబాలు ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాయో మాకు తెలియదు."

టైపు చేశాను. తెర మీదున్నది చదివి వినిపించమంది. వినిపించాను. "ఇంకొక వాక్యం" అంది.

"చెప్పండి" అన్నాను.

"మేము తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు."

అదీ టైపు చేశాను. చుక్క పెట్టాక, ఇంకేమైనా ఉందా అని అడిగాను. లేదంది.